ఎర్ర లైటు

లీడ్స్‌లో మంగళవారం, పబ్బు మేడ మీద గది.
తొమ్మిది మంది. అందులో ఆరుగురు
తమ వంతు కోసం కూర్చున్న నాలాంటివాళ్ళే.
నవ్వు దాచుకుంటారు, అప్పివ్వరు.

మందుల షాపు రసీదు వెనక రాసుకున్న జోకు
అరచేతి చెమటకి అలుక్కుపోయింది.
వాన మీద మొదలెట్టాను.
ఎవరూ తడవలేదు.
కింద ఫ్రిజ్ గొణుక్కోవడం పైకి వినిపించింది.

"మా షాపులో మొలల మందు అడిగేవాళ్ళు నయం,
మీకంటే ఎక్కువ నోరు విప్పుతారు"
అన్నాను. అది రాసుకున్నది కాదు.

ఖాళీ గ్లాసులు ఏరుతున్న మోరీన్
ఫక్కుమంది.
ఒక్కతే.
ఎర్ర లైటు వెలిగింది, ఇక దిగమని.

ఆఖరి బస్సులో ఆ నవ్వుని
తిప్పి తిప్పి చూసుకున్నాను,
చిరిగిన నోటు చెల్లుతుందో లేదో అన్నట్టు.

వచ్చే మంగళవారం
మొలలతోనే మొదలెడతాను.