తోకనీళ్లు

నిజ్వా దాటి, తారు రోడ్డు అయిపోయి,
అయిపోయిన సంగతి కూడ మరిచిపోయినంక
కొండ కడుపుల పచ్చగ ఒక గీత.
గదే హైల్ సమ్రా.

ముప్పై ఆరు గడపలు,
పదకొండు ఇండ్లల్లనే పొయ్యి రాజుతది.
మిగిలినోళ్లు మస్కట్ నుంచి శుక్రవారం వస్తరు,
మేకను కోస్తరు, పోతరు.
మట్టిగోడలు ఎటూ పోవు.
ఎండకింత, గాలికింత
చిల్లర లెక్క రాలుతుంటయి.

గోధుమరంగు కొండకు ఎన్ని రంగులుంటయో
వచ్చిన కొత్తల తెల్వది.
పొద్దుగాల ఇటుకపొడి,
పగటీలి మాడిన రొట్టె,
మాపటికి, చెప్తె నవ్వుతరు, వంకాయ తొక్క.
వాదీ అంటె వాగే, ఓ అక్షరం అటిటు.
రెండేండ్లకొక్కపాలి నీళ్లొస్తయి,
వచ్చిననాడు ట్రక్కును సబ్బుపెట్టె లెక్క తీస్కపోతయి.

ఊరిని సాదేది మాత్రం ఫలజ్.
కొండ లోపల్నుంచి జానెడు కాలువ, బెత్తెడు లోతు.
ముందు తాగనీకి,
తర్వాత మసీదుకాడ కాళ్లు కడగనీకి,
గోడ చాటున ఆడోళ్ల తానాలకు,
ఆఖరికి ఖర్జూరానికి, దాని కింద నిమ్మకు,
నిమ్మ కింద మేకల గడ్డికి.

నీళ్లు పంచేటోడు ఖల్ఫాన్ బిన్ జుమా.
బయలుల ఇనుపకర్ర పాతి
నీడ ఏ రాయి దాటిందో చూస్తడు.
రాయికీ రాయికీ నడుమ ఒక అథర్,
మన అరగంట.
కొడుకు కొనిచ్చిన గడియారం
తడవకుండ టోపీల దాచిపెడతడు.
"మబ్బు పట్టిననాడు ఎట్ల బాబా?"
"మబ్బు పడితె వాన. వాన పడితె వంతెందుకు?"

నా పేరు మల్లేష్. వీళ్ల నోట్ల మాలేష్.
అరబ్బీల ఆ మాటకు 'పోనీలే' అని అర్థమట.
ఆరేండ్ల సంది ఊరు ఊరంత నన్ను
పోనీలే, పోనీలే అని పిలుస్తాంది.
చెట్లెక్కుడు నా పని. మగపూత తెచ్చి ఆడగెలకు కట్టుడు,
ఎండకాలం గెలలు దించుడు.
మా తాత మోకు, వీళ్ల హబూల్ ఒక్కతీరే.
ఈతచెట్టుకు ఇది పెద్దమ్మ బిడ్డ,
మెడకాడ గీత పెట్టి కుండ కడితె ఏమిస్తదో నాకెరుక.
నేను ఎవరికీ చెప్పలే.

ఈ ఊర్ల సంగతి తొందరగ బయటపడది.
ఏం ఖబర్? ఖబర్ లేదు.
కొత్తదేమన్న? అల్లా దయ, ఏం లేదు.
నీ దిక్కు? ఏం లేదు, ఏం లేదు.
కాఫీ మూడు గుక్కలై, గిన్నె ఊపినంక
అప్పుడు చెప్తరు, వరదకు కాలువగోడ పోయిందని.
జోఖా పెనిమిటి సచ్చిననాడు కూడ
ఆమె ముందుగాల ఖబర్ లేదనే అన్నది.

పంపుగది ఎనుక చాపంత జాగల
గోంగూర పెట్టిన.
ఏ వాటాల లేని మడి.
ఖల్ఫాన్ గుడ్డపేలిక, రాయి కలిపి
జోఖా తూము మూస్తడు.
మూసినంక కాలువల మిగిలిన నీళ్లు
ఎటు పోవాల్నో తెల్వక ఆగుతయి.
ఆకాశం దిక్కు చూసుకుంట
కాలిబొటనేలితోని ఇంత మట్టి జరుపుతడు.
నీళ్లు నా దిక్కొస్తయి.
"ఎవరియి బాబా?"
"తోకనీళ్లు. తలకు వాటాదారుంటడు. తోకకెవరు?"

నిరుటి సలికాలం సంది
ఖల్ఫాన్‌కు ఊపిరాడుతలేదు.
కొడుకు ఫోన్‌ల అలారం పెట్టి పంచుతుండు.
మంచోడే, ఒక్క నిమిషం మోసం లేదు.
ఇది మూసుడు, అది తెరుసుడు ఒక్కపాలే.
తోక మిగులుతలేదు.

ఆఖరి ఆకు తెంపి తొక్కు నూరి
పెద్దాయన మంచంకాడికి తీస్కపోయిన.
నాలిక మీద పెట్టుకొని కండ్లు మూసిండు, పులుపుకు.
ఏం ఖబర్?
ఖబర్ లేదు బాబా.
నీ ఆకు?
మంచిగున్నది. ఏం లేదు.
గిన్నె ఊపిన. మల్ల పోసిండు. మల్ల ఊపిన.
నా మొకం దిక్కు శానసేపు చూసి
మాలేష్, అన్నడు.
పేరు పెట్టి పిలిచిండో, ఊకోమన్నడో.

బయట నీడ మూడో రాయి దాటింది,
ఎవరూ లెక్కబెట్టలే.