వాపసొచ్చిన మూట

కొత్తవాడల మా సొసైటీ షెడ్డుకు
మూట వాపసొచ్చింది.
డ్రైవరు దించి, సంతకం తీస్కొని పోయిండు,
చాయ కూడ తాగకుంట.

పన్నెండు జంపఖానాలు.
ఒక్కోదానికి పిన్నుతోని గుచ్చిన చీటి,
చీటి మీద ఇంగ్లీషు.
షెడ్డుల అది నాకే వస్తది కాబట్టి
బూర ఓదెలన్న మగ్గం దిగి
చేతులు లుంగీకి తుడుసుకొని
దవఖానల రిపోర్టుకు నిలబడ్డట్టు
నా ముంగట నిలబడ్డడు.

"చదువు బిడ్డా, ఏమన్నడు?"

డ్రాబ్. డౌడీ. షాబీ. మల్ల షాబీ.
ఎర్రదానికి గారిష్.
నల్ల అంచుదానికి ప్లెయిన్, అంతే.

స్టేషన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్న డిక్షనరీ నాది.
అట్ట లేదు, 'సి' దాకా పేజీలు లేవు.
అందుకే దాంట్ల బ్యూటిఫుల్ లేదు,
అగ్లీ ఉన్నది.
అందం లేనిదానికి ఇంగ్లీషోడు ఎన్ని అర్రలు కట్టిండో!
చూసి జడుసుకునేదానికి ఒకటి,
చూసి మర్చిపోయేదానికి ఒకటి,
పాతబడ్డ బట్టకు ఒకటి,
ఆ బట్ట కట్టుకున్న ఆడమనిషికి ఇంకొకటి.
అన్ని ఊడ్చి, తుడిచి, తాళమేసి ఉంటయ్.
లోపల సల్లగ ఉంటది.

మా వాడల అట్ల కాదు.
గలీజు అని ఒక్క మాటంటం,
మిగిలిందంత మూతి తిప్పుడే.
కోపమొస్తే మొహాన్ని జల్లెడంటం, పండ్లను పారంటం.
తిట్టినోని ఉమ్మి మీద పడ్తది,
ఎవరు తిట్టిండ్రో ఎరుకైతది.
పొద్దుగూకే యాళ్లకు
వాళ్లింటి నుంచే పుంటికూర గిన్నె వస్తది.

ఇరవై ఏండ్లున్నప్పుడు
హన్మకొండ చౌరస్తాల చీరెల షోరూముకు పోయిన,
కౌంటరు పనికి.
మేనేజరు నన్ను చూసుకుంటనే ఫోన్ల అన్నడు:
"లెక్కలు వస్తయట, కాని ప్రెజెంటబుల్ కాదు."
నాకు తెల్వదనుకున్నడు. నిజంగనే తెల్వదు.
ఇంటికొచ్చి డిక్షనరీ తీసి
చెడ్డ మాటలల్ల ఎతికిన. దొరకలే.
మంచి మాటలల్లనే ఉన్నది,
ఇస్త్రీ చీర కట్టుకొని, పూలు పెట్టుకొని.
దాని ఎనక ఒక్క 'కాదు' నిలబడితే చాలు,
నా చెంప మీది కాలిన మచ్చ
మొత్తం పడ్తది దాంట్ల.

"ఏంది బిడ్డా, గంత సేపు చదువుతున్నవ్?"

గారిష్ అంటే... కండ్లకు కొట్టే రంగే అన్నా.

నవ్విండు ఓదెలన్న.
"ఎనుమాముల మార్కెట్ల మిర్చి కుప్ప పక్కపొంటి నడిస్తే
కండ్లల్ల నీళ్లు రావాలె.
రాకుంటే అది మిర్చెట్లయితది?
ఇగ, గా నల్లంచుది?"

ప్లెయిన్. నాలుక మీద కొంచెం సేపు పెట్టుకున్న.
మైదానం, అన్న.

"మైదానమా! మంచిదే గదనే.
మరెందుకు వాపసు పంపిండు?"

వాళ్లింట్ల జాగ లేదేమో.

నన్నే చూసిండు.
నలభై ఏండ్ల నుంచి
కరెంటు పోయిన షెడ్డుల
తెగిన పోగును పట్టుకున్న కన్ను అది.
ఏమనలే.
చీటీలన్ని గుంజి, నాలుగు మడతలేసి
మగ్గం ఎడమ కాలు కింద దోపిండు.
వానకాలం నుంచి ఊగుతున్నది అది.
రెండు పోట్లు ఏసి చూసి
"గట్టి కాయితమే వాడిండు" అన్నడు.

ఎర్రదాన్ని మట్టెవాడ చాయ్ హోటలు అంజద్ భాయి
సగం పైసలిచ్చి, సగం ఉద్దెర పెట్టి
భుజం మీదేసుకొని పోయిండు.
తొమ్మిది షెడ్డులనే ఉన్నయ్,
ఒకదాని మీద పిల్లి ఈనింది.
నల్లంచుది నేను తెచ్చుకున్న.

రాత్రి డాబా మీద పరిచిన.
అబద్ధం చెప్పలే ఓదెలన్నా,
మల్ల చూసిన, మైదానమని గూడ ఉన్నది,
ఐదో నంబరుల, చిన్నక్షరాలల్ల.
మచ్చున్న దిక్కు చెంప ఆనిచ్చిన.
గరుకుగున్నది.
ఎప్పుడు నిద్రవట్టిందో.