కోత

కంభం రోడ్డులో, మూతపడ్డ పలకల షెడ్డు.
రంపాలను ఎవరో తూకానికి అమ్ముకున్నారు.
వాటిని బిగించిన బోల్టులు మాత్రం
నేలలోంచి తలలెత్తి అట్లాగే ఉన్నాయి.
కల్యాణమండపం నుంచి అద్దెకు తెచ్చిన కుర్చీలు ముప్పై రెండు,
ఒక నీళ్ల క్యాను, పరిచిన పట్టా.
మనిషికి రెండొందలు.
వాకిట్లో డబ్బు తీసుకున్న కుర్రాడు
నా మణికట్టు మీద నీలం ముద్ర గుద్దాడు,
సంతలో గొర్రెకు వేసినట్టు.

వెనక వరస, గోడ పక్కన.
ఒకప్పుడు నా బల్ల ఉన్న చోటు అదే.
ఎంచుకుని కూర్చోలేదు,
కాళ్లే తీసుకెళ్లాయి.

మాలకొండమ్మ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి.
చెప్పులు గడప దగ్గర విడిచి
ఒక్క బోల్టూ తగలకుండా నడిచింది,
కిందికి చూడకుండా.
వెనకే దస్తగిరి, చంకలో గుమ్మెట.

మైకు ఇచ్చారు. ఒకసారి ఊది చూసి పక్కన పెట్టింది.
"ఇదెందుకబ్బా, ఈ రేకుల కింద
నాలుగు రంపాలు తిరుగుతుంటేనే
ఆ మూలకి ఇనపడేది నా గొంతు."
ఆ మూలలోనే నేనున్నాను.

ముందు కలుపు పాటలు.
తర్వాత పెళ్లికొడుకును ఆడిపోసుకునే పాట ఒకటి.
ముందు వరసలో లెక్చరర్ గారు పడీ పడీ నవ్వి
రెండో చరణం అర్థమయ్యాక
రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.
ఎవరో పిల్లవాడు ఫోను ఎత్తిపట్టాడు.
"దించు నాయనా, నీ మొగం కనపడకపోతే
ఎవరికని పాడేది?"

అప్పుడు అందుకుంది అది.

    పొద్దు గుంకే యేళ కందిసేలోన
    కడియమొక్కటి జారిపోయెనే సెల్లీ

తొంభై మూడు, మే నెల. కూలి పద్నాలుగు రూపాయలు.
పాట ఉంటే చెయ్యి తాళం మీదికి పోతుంది,
పలక పగులుతుందని యజమాని మాట.
ఎర్రసిరాతో రాసింది నేను:
మాలకొండమ్మ, పాట, అర్ధరూపాయి కోత.
ఆ ఒక్క నెలలో పదకొండుసార్లు.
ఎవరూ అడగలేదు గానీ
ఆమె చేతిలో పగిలిన పలకలు మూడు.

కడియం జారిన దగ్గరే
ఆ రోజు నేను స్కేలుతో బల్ల మీద కొట్టాను.
రంపాల చప్పుడులో కూడా ఆమెకు వినపడింది.
ఆ తర్వాత ఇన్నేళ్లూ
నీళ్లు పోసుకుంటూ, రేషన్ వరసలో నిలబడి,
మా ఆవిడ ఆపరేషన్ గది బయట
కడియందాకా కూనిరాగం తీసి
అక్కడ ఆగిపోయేవాణ్ణి.
ముందుకు దారి తెలియదు.
ఎవరికో దొరికే ఉంటుందని,
దొరికినవాడు మంచివాడై ఉంటాడని
నాకు నేనే ఒక ముగింపు కట్టుకున్నాను.

ఇవాళ కూడా అక్కడికి రాగానే ఆగింది.
నీళ్లు అడిగింది.
వయసు, ఊపిరందలేదు అనుకున్నారు జనం.
దస్తగిరి వేళ్లు గుమ్మెట మీద ఆనించి ఉంచాడు.
ఆమె నా వైపే చూసిందో,
కళ్లజోడు లేని చూపు ఊరికే అక్కడ నిలిచిందో.
నా రెండు చేతులూ ఒళ్లో
బయటికి కనపడేట్టు పెట్టుకున్నాను.

గ్లాసు కింద పెట్టి పాడింది.
కడియం దొరకదు.
అక్కాచెల్లెళ్లు మునిమాపుదాకా కందిమోళ్లలో వెతుకుతారు,
కాళ్లు గీసుకుపోతాయి.
చివరికి చెల్లెలు రెండో కడియం కూడా ఊడబీకి
చేలోకి విసిరేస్తుంది.

    ఒంటికడియం నాకేలనే అక్కా
    రెండూ ఒక్క సోటనే ఉండనీయే

అంతే పాట.
గుమ్మెట ఇంకో రెండు దెబ్బలు పలికి ఊరుకుంది.
చప్పట్లు కొట్టాలని కాసేపు ఎవరికీ తోచలేదు.
రోడ్డు మీద పొదిలి బస్సు హారన్ కొట్టింది.

కుర్చీలు ఈడుస్తున్న చప్పుడులో
తలుపు వైపు గబగబా నడిచాను.
"కింద బోల్టుంది, సూసుకో"
ఆమె గొంతే. ఎవరితో అందో.
అప్పటికే తగిలింది.