తలుపు ఉన్న వైపు

ముప్ఫై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపాను
లీట్రిమ్ కొండదారుల్లో.
నిద్రలో కూడా నా ఎడమ చెయ్యి
గేరు రాడ్డు కోసం తడుముకునేది.
ఓస్నాబ్రూక్ దగ్గర, ఒక పెరటి షెడ్డు ముందు,
ఈ బండిలో మొదటిసారి కూర్చుని
అదే చెయ్యి చాపాను.
కిటికీ మర తగిలింది.
అద్దం జారి, చలిగాలి లోపలికొచ్చి నా మొహం చూసిపోయింది.
నూలా నవ్వింది.
అమ్మే ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పేరు హానెలోర.
ఆవిడకి మా మాట రాదు, మాకు ఆవిడది రాదు.
మధ్యలో పక్కింటి పిల్లాడు, పన్నెండేళ్లుంటాయి,
సగం తిన్న ఆపిల్ చేత్తో పట్టుకుని
ఒక ముక్క కొరుకుతూ ఒక ముక్క చెబుతూ:
ఫ్రిజ్ తలుపు కాస్త పైకెత్తి నెట్టాలట.
నీళ్ల ట్యాంకు మూత మొరాయిస్తే రెండు దెబ్బలు వెయ్యాలట.
వానొస్తే వెనక మంచం మీద, కుడి మూల, గిన్నె పెట్టాలట.
ఆ చివరి మాటకి ఆవిడ వాణ్ణి కసిరింది.
బేరం తెగకముందు చెప్పేది కాదు కాబోలు.

గిన్నె పేరు చెప్పి మూడు వందలు తగ్గించాను.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
సంతకం చేసి, కలానికి మూత పెట్టి,
ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి
స్క్రూడ్రైవరుతో బండెక్కింది.
తలుపు పక్కనున్న ఇత్తడి కొక్కెం విప్పి
కోటు జేబులో వేసుకుని దిగింది.
దానికి ఏం తగిలించేవాళ్లో
పిల్లాడు అడగలేదు.
మేమూ అడగలేదు.

ఎగుమతి నంబరు ప్లేటు అంచున ఎర్ర పట్టీ,
పాలపెట్టె మీదలా దాని మీద గడువు తేదీ.
పదిహేను రోజుల ఆయుష్షుతో బయల్దేరాం.
బెల్జియంలో వాన. గిన్నె అబద్ధం కాదు.
రాత్రంతా టప్పు టప్పున మూడు వందలూ
ఒక్కొక్కటే తిరిగి కట్టించుకుంది.
షేర్‌బూర్ రేవు దగ్గర గ్యాసు అయిపోయింది.
కొత్త సిలిండరు గొట్టానికి పట్టదు,
పట్టించే బిళ్ల నలభై యూరోలన్నాడు.
ఏనుగును కొని అంకుశం దగ్గర గీచిగీచి బేరమాడినట్టు
వద్దు పొమ్మన్నాను.
చల్లటి పాలు తాగి పడుకున్నాం.
నూలా మాట్లాడలేదు, ఓడ ఎక్కేదాకా.

ఇంటికొచ్చాక కాగితాలు.
పన్ను, దాని మీద పన్ను, బరువు తూచినందుకు రుసుము,
తడిసి మోపెడయింది.
దీపాలు కుడివైపుకి వాలి చూస్తున్నాయి,
వాటికి ఎడమ నేర్పించాలి, దానికో బిల్లు.
తనిఖీ కేంద్రంలో ఈమన్ మెక్‌గోవన్,
మూడో సీట్లో కూర్చుని వారానికోసారి వాంతి చేసుకున్న కుర్రాడు,
ఇప్పుడు గడ్డం, చేతిలో టార్చి.
చాపెత్తి చాసిస్ నంబరు చదివాడు.
మంచాలు లెక్కపెట్టాడు, పొయ్యి వెలిగించమన్నాడు,
వెలిగించాను (బిళ్ల కొన్నాను, యాభై రెండు).
"బండిలో ఏమైనా మార్పులు చేశారా, మలకీ?"
తలుపు పక్కన రెండు స్క్రూ రంధ్రాలు చూపించాను.
టార్చి వేసి కాసేపు చూశాడు.
ఏమీ రాయలేదు.

ఒక చిక్కు మాత్రం ఏ రుసుముకీ తీరదు.
దీని తలుపు కుడివైపుంది.
మా రోడ్ల పక్కన ఆపితే
మెట్టు దిగడం లారీల కిందికి దిగడమే.
మొదటి ఆదివారం ముల్లాగ్‌మోర్ వెళ్లాం.
సముద్రం ఎడమన. తలుపు రోడ్డుకి.
నూలా చాయ్ కప్పులు పట్టుకుని నిలబడి
"తిప్పు" అంది.

తిప్పాను, నాలుగు విడతల్లో,
ఎడమ చెయ్యి రెండుసార్లు కిటికీ దింపేసింది.
ఇప్పుడు తలుపు నీళ్లకేసి తెరిచి ఉంది,
బండి మూతి వచ్చిన దారికేసి.
నూలా టోపీ తీసి గోడకి తగిలించబోయి,
రంధ్రాలు చూసి,
ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.