గాలిసంచి

ఇంత నున్నటి కళ్లం మాకెవరు కట్టారో
గరువుపాలెంలో ఎవరూ అడగరు.
మైలు పొడుగు సిమెంటు, పగుళ్లలో గరిక,
కోతలప్పుడు ఈ చివర్నించి ఆ చివరకి వడ్లు.

ధవళేశ్వరం రాయి కాలవ మీద పడవల్లో వచ్చిందట.
బాంబర్లు దిగిన కొద్దీ మన నల్లనేల కుంగేది.
పూడ్చిన చోటే మళ్లీ పూడ్చేవారు.
రోజుకి మూడణాలు.
మా మామ్మ పల్లాలమ్మ తల మీద చుట్టకుదురు,
కుదురు మీద తట్ట,
సరుగుడు కొమ్మకి కట్టిన ఉయ్యాల్లో మా నాన్న.

విమానాలకి తాళ్లు అడ్డమన్నారు.
గుత్తుల సన్నెయ్య గీసే నూటపన్నెండూ మొదలంటా కొట్టేసి
వేలిముద్ర వేయించుకుని
ఆయన్నే కొలువులో పెట్టుకున్నారు,
గెడ ఎక్కి గాలిసంచి మార్చే పనికి.
మోకు అదే, కాళ్లకి గుది అదే.
"కల్లు లేని చెట్టమ్మా ఇది,
ఎక్కితే గాలే కారుద్ది" అనేవాడట.

పైనించి లెక్కపెట్టేవాడు.
వెన్నెల్లో ఎనిమిది లేచేవి.
తెల్లారి ఎనిమిదీ దిగేవి, ఒక్కోసారి ఏడు.
ఒకసారి అయిదు.
ఆ పొద్దున వంటపాకలో
కాఫీ కాగి కాగి మాడిపోయింది.

ఎక్కడికి పోతన్నాయి బావా, అనడిగింది మామ్మ.
తూర్పుకి.
తూర్పున సముద్రం కదా.
అవతల?

అవతల రంగం.
రంగంలో రేవు, రేవు పక్కన బియ్యం మిల్లు,
మిల్లులో బస్తాలు మోసే మామ్మ అన్న బుల్లెయ్య.
మనియార్డరు ఆగి అప్పటికి రెండేళ్లు.

మామ్మ తట్ట దించేసింది.

మర్నాడు మళ్లీ ఎత్తుకుంది.
ఎత్తుకోలేదని రాస్తే నాకు బాగుండేది.

యుద్ధం అయ్యాక రేకులు, తీగలు, పీపాలు వేలంలో పోయాయి.
గాలిసంచిని ఎవరూ పాడుకోలేదు.
రెండు వైపులా నోరున్న గుడ్డ ఎవరికి కావాలి?
సన్నెయ్య తెచ్చిస్తే
మామ్మ ఒక నోరు కుట్టేసి విత్తనాలు పోసింది.

బుల్లెయ్య రాలేదు.
బాంబు పడిందో, కొండదారిన నడిచి నడిచి ఒరిగిపోయాడో,
అక్కడే ఎవర్నో కట్టుకుని ఉండిపోయాడో.
మామ్మ మూడోదే నమ్మింది. పిల్లలకి పేర్లు కూడా అనుకుంది.

నిన్న తుఫాను కబురొస్తే వడ్లు ఎత్తుతున్నాం.
అతుకుల మీద అతుకుగా ఆ సంచి ఇంకా ఉంది.
పోయడానికి నేను దాన్ని దులిపానో లేదో
గాలి దూరి నిలువునా ఉబ్బి
చేతుల్లోంచి పెనుగులాడింది,
నోరు తూర్పుకి తెరుచుకుని.