రెప్ప

అల్ ఐన్‌ల, మజ్లిస్ తివాచీ మీద
మూడు తూటాలు నిలబెట్టిండు అబూ ముర్షిద్.
వచ్చే నెల టాంజానియా. అడవిదున్న.

మూడు వందల డెబ్బయ్యైదు: భుజాన్ని మన్నిస్తది.
నాలుగు వందల పదహారు: నడిమిది, ఎటూ తేలదు.
నాలుగు వందల యాభై ఎనిమిది: నా బొటనవేలంత,
బొక్కలు పగలగొట్టుకుంట గుండెదాక పోతది.

"ఏది మంచిది, నువ్వు చెప్పు."
తొమ్మిదేండ్లల, గావా ఉడుకుగుందా అని తప్ప
నన్నేమన్న అడిగిండా?

కడెం అవతల మా మేనమామ రాజేశం
మక్కచేన్ల పందికి గురిపెట్టి
నాటుతుపాకి తన్నుకు జడిసి కండ్లు మూసిండు.
పంది మూయలే.
ఇప్పటికీ కుంటుతడు.

"ఏది పేల్చంగ మీ రెప్ప పడదో, అదే" అన్న.

నవ్వలే. పెద్దదాన్ని మళ్ల పెట్టెల దాసిండు.
తివాచీల దాని గుండ్రటి గుంట
నేను కప్పులు కడిగొచ్చేదాక పూడలే.