కిలోకి ఎన్ని దినాలు

కాశీబుగ్గ బ్యాంకులో నా మొదటి జీతం పడిన రాత్రి
క్యాలెండరు వెనక మూడు పేర్లు రాశాను.
దాలమ్మ. తవిటమ్మ. ఢిల్లీశ్వరి.

ఉత్త రూపాయలతో కొలవొద్దని కాలేజీలో మేడం చెప్పేది.
సరే, జీడిపప్పుతోనే కొలిచాను.
మా చేతుల్లోంచి వెళ్ళిన పప్పు
మేమే ఓ కిలో కొనాలంటే
ఎన్ని దినాల కూలి?

అమ్మమ్మకి పద్నాలుగు.
అమ్మకి ఏడు, అదీ పప్పు విరగని వారం.
విరిగితే కోత.
నాకు రెండున్నర.
గీత మహేంద్రగిరి ఎక్కుతున్నట్టు పైపైకే పోయింది.

"చూడవే అమ్మా" అన్నాను.
అమ్మ వేళ్ళకి బూడిద రాసుకుంటోంది.
పని మానేసి మూడేళ్ళు.
జీడి చమురు ఇంకా ఉందనే అనుకుంటాయి ఆ వేళ్ళు.

ఇంటి జాగాతో ఇంకో గీత గీశాను.
రైలుగేటు అవతల అమ్మమ్మ సెంటున్నర కొంది,
అరవై దినాల కూలికి, చీటీ పాడి.
అందులో అర సెంటు అమ్మ అమ్మేసింది,
నాన్న డయాలసిస్‌కి తిరిగిన బస్సుల కింద.
ఇప్పుడక్కడ ఒక్క సెంటుకి
ఆదివారాలు కూడా దిగితే
నాకు మూడేళ్ళు,
అన్నం తినకుండా.

మూడోది ఎలా గీయాలో తెలియలేదు.
అమ్మమ్మ దినానికి ఎనిమిది కిలోల గింజ కొట్టేది,
అమ్మ పన్నెండు.
నేను గింజ ముట్టను.
మిషను ముందు నిలబడి
ఎర్ర లైటు వెలిగితే ఆపుతాను.
అది యాభై మంది దాలమ్మల్ని మింగి
గంటకోసారి తేన్చుతుంది.
మిగతా నలభై తొమ్మిది మంది కూలీ
ఎవరి ఖాతాలో పడిందో
నా పాసుబుక్కుకి తెలీదు.

గేటు దగ్గర తనిఖీ మాత్రం అలాగే ఉంది.
అమ్మమ్మ కొంగు దులిపించారు,
అమ్మ టిఫిను గిన్నె బోర్లించారు,
నన్ను మర్యాదగా, కెమెరాతో.

జీతంలోంచి పావుకిలో కొన్నాను,
గుండు పప్పు, బిల్లుతో సహా.
పళ్ళు లేని అమ్మమ్మ ఒకటి బుగ్గన పెట్టుకుని
చాలాసేపు చప్పరించింది.
"ఇదేటే గుంటా, ఇంత సప్పగున్నాది?
దీనికేటే నా కొంగు దులిపీవోరు?"

అమ్మ తినలేదు.
పేపరు మీద పోసిన పప్పుని
రేపటి కూర గురించి మాట్లాడుతూ,
అటు చూడనైనా చూడకుండా,
గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి,
ముక్క ఒక పక్కకి
తోసేసింది.